ఎలక్ట్రాన్లు పెరుగుతుంటే పరమాణువు ఎందుకు చిక్కిపోతుంది?

మీ ప్రశ్నలో నాలుగు ముక్కలున్నాయి. ఒకటి, పీరియడ్‌లో, అంటే ఆవర్తన పట్టికలోని అడ్డు వరసలో, ఎడమ నుంచి కుడికి వెళ్తుంటే ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటే చేరుతున్నా పరమాణువు సైజు ఎందుకు తగ్గుతుంది? రెండు, ఏ నియమం చెప్పినా వెంటనే బోరాన్, ఆక్సిజన్, గాలియం, ఫ్లోరిన్ అంటూ మినహాయింపుల చిట్టా వస్తుంది, వాటిని ఎలా గుర్తుపెట్టుకోవాలి? మూడు, పట్టికలో నియాన్ వ్యాసార్ధం ఫ్లోరిన్ కంటే రెట్టింపు ఉంది, అది అచ్చుతప్పా? నాలుగు, పరీక్ష రాసేశాక వీటితో పనేముంది?

చాలా ఏళ్లుగా రసాయనశాస్త్రం చెబుతున్నాను. ఆవర్తన ధర్మాల పాఠం వచ్చినప్పుడల్లా దాదాపు ఇవే ప్రశ్నలు వస్తాయి. నేనూ చదువుకునే రోజుల్లో ఆవర్తన పట్టిక చుట్టూ బాణాలు గీసి బట్టీ పట్టినవాణ్ణే. కుడికో బాణం, కిందికో బాణం, వాటి మీద ‘పెరుగును’, ‘తగ్గును’. ఒక పరీక్షలో కంగారులో ఒక బాణం తిరగేసి గీశాను. దాన్ని నమ్ముకుని రాసిన మరో మూడు జవాబులూ దాంతోపాటే తిరగబడ్డాయి. అప్పుడే బాణాల మీద నమ్మకం పోయింది.

ఇప్పుడు నా దగ్గర ఉన్నది ఒక్క ప్రశ్నే: బయటి అంచున ఉన్న ఎలక్ట్రాన్‌ను కేంద్రకం ఎంత గట్టిగా పట్టుకుంది? సైజు, అయనీకరణ శక్తి (ఎలక్ట్రాన్‌ను ఊడబీకడానికి అయ్యే ఖర్చు), ఋణవిద్యుదాత్మకత (బంధంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గుణం), లోహ స్వభావం అన్నీ దీని చుట్టూ తిరిగేవే. మినహాయింపులని మీరు అంటున్నవి కూడా ఈ ప్రశ్నకు వచ్చే జవాబులే. కాకపోతే పట్టు లెక్కగట్టేటప్పుడు మనం ఒకట్రెండు విషయాలు వదిలేస్తాం, అందుకే అవి ఆశ్చర్యంగా కనిపిస్తాయి.

ముందు సైజు సంగతి. సంచిలో గోళీలు వేస్తుంటే సంచి ఉబ్బుతుంది కదా, అలాగే ఎలక్ట్రాన్లు చేరితే పరమాణువు ఉబ్బాలని మన మనసు అనుకుంటుంది. కానీ ఎలక్ట్రాన్ గోళీలా ఇంత చోటు అని పట్టుకుని కూర్చోదు. అది ఎంత మేర పరుచుకుంటుందనేది దాన్ని లోపలికి లాగే బలం మీద ఆధారపడుతుంది. కుడివైపు ఒక గడి జరిగితే ఒక ఎలక్ట్రాన్ చేరుతుందన్నది సగం మాటే. కేంద్రకంలో ఒక ప్రోటాన్ కూడా చేరుతుంది. చిక్కంతా ఈ రెండో సగాన్ని మర్చిపోవడంలో ఉంది.

ప్రోటాన్ ఒకటి పెరిగి, ఎలక్ట్రాన్ ఒకటి పెరిగితే లెక్క సరిపోయినట్టే కదా, పట్టు ఎందుకు పెరగాలి? ఇక్కడే స్క్రీనింగ్ వస్తుంది. బయటి ఎలక్ట్రాన్‌కూ కేంద్రకానికీ మధ్య ఉన్న లోపలి ఎలక్ట్రాన్లు కేంద్రకం ఆకర్షణను బాగా అడ్డుకుంటాయి. అదే కర్పరంలో, అంటే కేంద్రకం చుట్టూ ఉండే ఎలక్ట్రాన్ల పొరల్లో ఒకే పొరలో, పక్కపక్కన ఉన్నవి మాత్రం ఒకదానికొకటి అంతగా అడ్డు రావు. 1930లో జాన్ స్లేటర్ దీనికి చేత్తో చేసుకోగలిగే లెక్క ఒకటి ఇచ్చాడు. అదే కర్పరంలోని తోటి ఎలక్ట్రాన్ ఒక్కొక్కటి 0.35 వంతు అడ్డుకుంటుంది. ఒక మెట్టు లోపలి కర్పరంలోనిది 0.85 వంతు, ఇంకా లోపలివి పూర్తిగా ఒక వంతు. ఎస్, పి ఎలక్ట్రాన్లకు ఇది చాలు (ఎస్, పి, డి, ఎఫ్ అన్నవి కర్పరం లోపలి విభాగాల, అంటే ఉపకర్పరాల పేర్లు). మొదటి కర్పరంలో 0.35 బదులు 0.30 వాడతారు, దాని జోలికి ఇక్కడ పోనక్కర్లేదు.

లిథియంతో మొదలుపెట్టండి. ప్రోటాన్లు 3. బయట ఒక ఎలక్ట్రాన్, లోపల రెండు. లోపలి రెండూ కలిసి 1.7 అడ్డుకుంటాయి. బయటి ఎలక్ట్రాన్‌కు తగిలే ఆవేశం 1.3. బెరీలియంలో ప్రోటాన్లు 4, లోపలి రెండింటి అడ్డు 1.7, పక్కదాని అడ్డు 0.35, మిగిలింది 1.95. బోరాన్‌కు 2.6. ఒక్కో గడికి ప్రోటాన్ వల్ల 1 పెరుగుతుంటే, కొత్తగా చేరిన ఎలక్ట్రాన్ అందులో 0.35 మాత్రమే తగ్గించగలుగుతోంది. నికరంగా గడికి 0.65 లాభం కేంద్రకానిదే. ఫ్లోరిన్ దగ్గరికి వచ్చేసరికి అది 5.2 అవుతుంది, అంటే లిథియానికి సరిగ్గా నాలుగు రెట్లు. అంత లాగుడులో పరమాణువు చిక్కిపోక ఏం చేస్తుంది? కొలిచిన వ్యాసార్ధాలు చూడండి: లిథియం 152 పికోమీటర్లు, బెరీలియం 112, కార్బన్ 77, ఫ్లోరిన్ 71 దగ్గర. (పికోమీటర్ అంటే మీటరులో లక్ష కోట్లవ వంతు. ఒక్కో పుస్తకంలో అంకెలు కొద్దిగా అటూఇటూ ఉంటాయి, కంగారుపడకండి.)

నియాన్ తర్వాత సోడియం. ప్రోటాన్లు 11. కానీ బయటి ఎలక్ట్రాన్‌కు ఆ కర్పరంలో తోడు లేదు, లోపల మాత్రం పది మంది అడ్డుగోడ కట్టారు. రెండో కర్పరంలోని ఎనిమిదీ 6.8 అడ్డుకుంటే, మొదటి కర్పరంలోని రెండూ 2 అడ్డుకున్నాయి. మిగిలింది 2.2. నియాన్‌లో 5.85 ఉన్న పట్టు ఒక్క గడిలో 2.2కి జారిపోయింది, పైగా ఎలక్ట్రాన్ ఒక కర్పరం దూరంగా వెళ్లింది. అందుకే సోడియం వ్యాసార్ధం ఒక్కసారిగా 186కి ఎగబాకింది. ‘ఆవర్తనం’ అనే మాటలోని మర్మం ఈ జారుడులోనే ఉంది. పెరుగుతూ పెరుగుతూ వచ్చి, కొత్త కర్పరం తెరుచుకోగానే మొదటికొస్తుంది.

గ్రూపులో, అంటే పట్టికలోని నిలువు వరసలో, కిందికి వెళ్తే ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. పొటాషియానికి స్లేటర్ లెక్క వేయండి, మళ్లీ 2.2 వస్తుంది. లాగుడు అంతే, దూరం పెరిగింది. వ్యాసార్ధాలు లిథియం 152, సోడియం 186, పొటాషియం 227, రుబీడియం 248, సీజియం 265. ఇక్కడ ఒక్క క్షణం ఆగి తేడాలు చూడండి: 34, 41, తర్వాత 21, 17. పొటాషియం తర్వాత గెంతు సగానికి పడిపోయింది. ఎందుకో మీ గాలియం దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను. స్లేటర్ లెక్క మాత్రం రుబీడియానికీ 2.2 అనే చెబుతుంది. చేతి లెక్కకు ఉండే పరిమితి అది. దాన్ని తక్కెడగా వాడకండి, దిక్కు చూపే ముల్లుగా వాడండి.

ఇంకా అనుమానం ఉంటే ఈ ఐదు అయాన్లను (ఎలక్ట్రాన్లు చేరో, పోయో ఆవేశం వచ్చిన పరమాణువులను) వరసగా పెట్టి చూడండి: ఆక్సైడ్, ఫ్లోరైడ్, సోడియం, మెగ్నీషియం, అల్యూమినియం. ఐదింటిలోనూ ఎలక్ట్రాన్లు పదే. ప్రోటాన్లు మాత్రం 8, 9, 11, 12, 13. వ్యాసార్ధాలు 140, 133, 102, 72, 54. ఎలక్ట్రాన్ల సంఖ్య మారకుండా ప్రోటాన్లు ఒక్కటే మారితే ఏమవుతుందో ప్రకృతి మనకోసం వేరుచేసి చూపించిన ప్రయోగం ఇది. పాఠం చెప్పేటప్పుడు నేను మొదట ఈ వరసతోనే మొదలుపెడతాను. దీన్ని చూశాక ‘ఎలక్ట్రాన్లు పెరిగితే లావెక్కాలి కదా సార్’ అనే ప్రశ్న పెద్దగా రాదు.

ఇక నియాన్. అచ్చుతప్పు కాదు, కొలబద్ద మారిపోయింది. పరమాణువుకు గోడ లేదు, ఎక్కడ అయిపోతుందో గీత గీసి చెప్పలేం. అందుకని రెండు కేంద్రకాల మధ్య దూరం కొలిచి సగం చేస్తారు. బంధంలో ఉన్న రెండు ఫ్లోరిన్ పరమాణువుల మధ్య దూరంలో సగం సమయోజనీయ వ్యాసార్ధం, అదే 71. నియాన్ ఎవరితోనూ బంధం కట్టదు. దానికి దొరికేది ఊరికే ఆనుకుని ఉన్న రెండు పరమాణువుల మధ్య దూరంలో సగం, అంటే వాండర్ వాల్స్ వ్యాసార్ధం. అది 154 దాకా ఉంటుంది. చేయి కలిపి నిలబడ్డ ఇద్దరి మధ్య దూరాన్నీ, ఎడంగా నిలబడ్డ ఇద్దరి మధ్య దూరాన్నీ ఒకే వరసలో రాసినట్టు అయింది. ఫ్లోరిన్‌కు కూడా వాండర్ వాల్స్ కొలతే వాడితే 147 వస్తుంది, రెట్టింపు తేడా కాస్తా మాయమైపోతుంది. బంధాలతో సంబంధం లేకుండా ఒంటరి పరమాణువుకు లెక్కగట్టిన వ్యాసార్ధాలు తీసుకుంటే ఫ్లోరిన్ 42, నియాన్ 38. వరస తప్పలేదు. రెండు కొలతలను ఒకే నిలువు వరసలో కింద సూచన లేకుండా అచ్చువేసే పుస్తకాలంటే నాకు ఒళ్లు మంట.

ఇప్పుడు అసలైన విందు, అయనీకరణ శక్తి. వాయుస్థితిలో ఉన్న పరమాణువు నుంచి బయటి ఎలక్ట్రాన్‌ను లాగేయడానికి అయ్యే ఖర్చు. మన ఏకైక ప్రశ్నకు ప్రకృతి ఇచ్చే సూటి జవాబు ఇదే. రెండో పీరియడ్ అంకెలు మోల్‌కు కిలోజౌళ్లలో: లిథియం 520, బెరీలియం 899, బోరాన్ 801, కార్బన్ 1086, నైట్రోజన్ 1402, ఆక్సిజన్ 1314, ఫ్లోరిన్ 1681, నియాన్ 2081.

బోరాన్ దగ్గర ఒక గుంట, ఆక్సిజన్ దగ్గర ఇంకో గుంట. వీటిని మినహాయింపులుగా బట్టీ పట్టకుండా, అంకెలను మెట్లుగా విడదీయండి. లిథియం, బెరీలియం: రెండు మెట్లు ఎక్కి పడ్డాం. బోరాన్, కార్బన్, నైట్రోజన్: మూడు మెట్లు ఎక్కి మళ్లీ పడ్డాం. ఆక్సిజన్, ఫ్లోరిన్, నియాన్: మరో మూడు. రెండు, మూడు, మూడు. క్వాంటం సిద్ధాంతం గురించి ఒక్క ముక్క తెలియని మనిషికి ఈ ఎనిమిది అంకెలు ఇచ్చినా, రెండో కర్పరంలో రెండు రకాల చోట్లు ఉన్నాయనీ, ఒకదానిలో ఇద్దరికీ మరోదానిలో ఆరుగురికీ జాగా ఉందనీ, ఆ ఆరుగురూ ముందు ముగ్గురుగా కూర్చుని తర్వాత జతపడుతున్నారనీ అనుమానం రావాలి. ఎస్ ఉపకర్పరం, పి ఉపకర్పరంలోని మూడు ఆర్బిటాళ్లు (ఒక్కోటి ఇద్దరు పట్టే గది), ఒక్కో దాంట్లో ఒక్కొక్కటి నిండాకే జత కట్టాలన్న హుండ్ నియమం, మూడూ ఆ గుంటల్లోనే ఉన్నాయి. గుంటలు లేకపోతేనే మనం కంగారుపడాలి.

కారణాలు కూడా అదే ప్రశ్న నుంచి వస్తాయి. బోరాన్‌లో ఊడిపోయేది 2పి ఎలక్ట్రాన్. అది 2ఎస్ ఎలక్ట్రాన్ లాగా కేంద్రకం దగ్గరిదాకా చొచ్చుకుపోదు, పైగా 2ఎస్‌లోని ఇద్దరూ దానికి కొంత అడ్డు వస్తారు. పట్టు కొద్దిగా సడలింది, ఖర్చు 98 తగ్గింది. ఆక్సిజన్‌లో నాలుగో పి ఎలక్ట్రాన్ వేరొకటి ఉన్న ఆర్బిటాల్‌లోనే సర్దుకోవాలి. ఒకే ఇరుకు చోట రెండు ఋణావేశాలు. వికర్షణ వల్ల అందులో ఒకటి కొంచెం తేలిగ్గా బయటపడుతుంది. ‘సగం నిండిన ఉపకర్పరానికి అదనపు స్థిరత్వం’ అని రాస్తే మార్కులు వస్తాయి, కాదనను. కానీ ఆ వాక్యం వల్ల నైట్రోజన్‌కేదో ప్రత్యేక వరం ఉన్నట్టు అనిపిస్తుంది. ఆక్సిజన్‌లో ఇరుకు మొదలైంది అని చూస్తే విషయం కళ్లకు కడుతుంది.

మూడో పీరియడ్‌లో ఇదే నాటకం. మెగ్నీషియం 738, అల్యూమినియం 578. ఫాస్ఫరస్ 1012, సల్ఫర్ 1000. రెండో గుంట ఆక్సిజన్ దగ్గర 88 లోతు ఉంటే సల్ఫర్ దగ్గర 12కి దాదాపు పూడిపోయింది. ఎందుకు? 3పి ఆర్బిటాల్ విశాలం, ఇద్దరున్నా అంత ఇరుకనిపించదు.

ఒక ఎలక్ట్రాన్‌తో ఆపకుండా వరుసగా పీకుతూ పోతే ఇంకా బాగుంటుంది. ఏదో ఒక మూలకానికి వరుస అయనీకరణ శక్తులు 578, 1817, 2745, 11577 అని ఇచ్చి అది ఏ గ్రూపుదో చెప్పమంటే, మూడో దానికీ నాలుగో దానికీ మధ్య అగాధం చూడండి. మూడు ఎలక్ట్రాన్లు బయటివి, నాలుగోది లోపలి కర్పరానిది. అల్యూమినియం. సోడియానికి మొదటిది 496, రెండోది 4562. సోడియం ఎప్పుడూ ఒకే ధనావేశంతో ఎందుకు కనిపిస్తుందో ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

ఒక చిన్న పక్కమాట. ‘సోడియం తన ఎలక్ట్రాన్‌ను ఇచ్చేయాలని ఆరాటపడుతుంది’ అని చెబుతుంటారు. ఆరాటమేమీ లేదు. 496 కిలోజౌళ్లు ఎవరో ఒకరు పెట్టుకుంటేనే అది వదులుతుంది. ఆ ఎలక్ట్రాన్‌ను తీసుకుని క్లోరిన్ తిరిగి ఇచ్చేది 349 మాత్రమే. ఇంకా 147 లోటు. ఆ లోటు తీర్చేది ఆ తర్వాత అయాన్లన్నీ స్ఫటికంగా సర్దుకున్నప్పుడు విడుదలయ్యే జాలక శక్తి, అది 787 దాకా ఉంటుంది. బయటి కర్పరంలో ఎనిమిది ఎలక్ట్రాన్ల అష్టకం నిండింది కాబట్టి చర్య జరిగిందనడం ఖాతాలో సగం పేజీ చింపేసి మిగతాది చదవడం లాంటిది.

ఫ్లోరిన్ సంగతి. ఎలక్ట్రాన్ అఫినిటీ, అంటే కొత్త ఎలక్ట్రాన్ చేరినప్పుడు విడుదలయ్యే శక్తి, ఫ్లోరిన్‌కు 328, క్లోరిన్‌కు 349, బ్రోమిన్‌కు 325, అయోడిన్‌కు 295. ఫ్లోరిన్ మొదటి స్థానంలో ఉండాలి కదా అని అందరూ నొసలు చిట్లిస్తారు. ఆక్సిజన్ దగ్గర చూసిన ఇరుకే ఇది. ఫ్లోరిన్ మరీ చిన్నది, రెండో కర్పరంలో అప్పటికే ఏడుగురున్నారు, కొత్తగా వచ్చేవాడికి లాగుడుతోపాటు తోపుడు కూడా గట్టిగానే తగులుతుంది. అయినా ఆక్సీకరణిగా, అంటే ఎదుటివాటి ఎలక్ట్రాన్లు లాక్కునేదిగా, ఫ్లోరిన్‌ను మించింది హాలోజన్లలో లేదు. కారణం పరమాణువు దగ్గర లేదు, అణువు దగ్గర ఉంది: రెండు ఫ్లోరిన్ పరమాణువుల మధ్య బంధం 158 కిలోజౌళ్లకే తెగిపోతుంది, క్లోరిన్ బంధానికి 242 కావాలి. పైగా చిన్న ఫ్లోరైడ్ అయాన్‌ను నీరైనా స్ఫటికమైనా గట్టిగా అక్కున చేర్చుకుంటుంది. ఒంటరి పరమాణువు ధర్మాన్నీ, బీకరులో జరిగే చర్యనూ కలిపేసుకోవద్దని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఋణవిద్యుదాత్మకత గురించి ఎక్కువ చెప్పను. అది నేరుగా కొలిచే రాశి కాదు, బంధశక్తుల నుంచి లైనస్ పౌలింగ్ 1932లో కట్టిన స్కేలు. ఫ్లోరిన్ 3.98, సీజియం 0.79, మిగతావి వాటి మధ్య. దిక్కు అయనీకరణ శక్తిదే.

గాలియానికి వద్దాం. అల్యూమినియం కింద ఉంది కాబట్టి పెద్దదిగా ఉండాలి. కానీ లోహ వ్యాసార్ధం అల్యూమినియానికి 143, గాలియానికి 135 దగ్గర. అయనీకరణ శక్తులు 578, 579. తగ్గాల్సింది తగ్గలేదు. మధ్యలో ఏం జరిగిందో పట్టిక మీద వేలు పెట్టి నడవండి. మెగ్నీషియం నుంచి అల్యూమినియానికి ఒకే అడుగు. కాల్షియం నుంచి గాలియానికి మాత్రం స్కాండియం నుంచి జింక్ దాకా పది మూలకాలు దాటాలి. ఆ పదిమందితో పది ప్రోటాన్లు వచ్చాయి, పది డి ఎలక్ట్రాన్లు వచ్చాయి. డి ఎలక్ట్రాన్లు అడ్డుగోడగా నిలబడటంలో ఎస్, పిల అంత సమర్థులు కావు. పది ప్రోటాన్ల లాగుడులో కొంత భాగం ఆ గోడ సందుల్లోంచి గాలియం బయటి ఎలక్ట్రాన్ దాకా వచ్చేస్తుంది. ఇందాక పొటాషియం నుంచి రుబీడియానికి గెంతు సగమైపోయింది కదా, అక్కడా కారణం ఇదే, మధ్యలో డి వరస చేరింది.

డి ఎలక్ట్రాన్లే ఇలాగైతే ఎఫ్ ఎలక్ట్రాన్లు ఇంకా అధ్వానం. లాంథనం తర్వాత పద్నాలుగు మూలకాల పొడవునా ప్రోటాన్లు పెరుగుతూ, ఎలక్ట్రాన్లు లోలోపలి 4ఎఫ్‌లోకి పోతూ, పరమాణువు మెల్లమెల్లగా కుంచించుకుపోతుంది. లాంథనైడ్ సంకోచం అంటారు. దాని ఫలితం వరస దాటాక తెలుస్తుంది: జిర్కోనియం వ్యాసార్ధం 160, దాని కింద, ఒక కర్పరం ఎక్కువున్న హాఫ్నియం 159. పైనుంచి కిందికి దిగినా సైజు పెరగలేదు. రసాయన ధర్మాలు కవలల్లా కలిసిపోయాయి. అందుకే జిర్కోనియం ఖనిజాల్లో హాఫ్నియం ఎప్పటినుంచో దాగి ఉన్నా, 1923 దాకా ఎవరి కంటా పడలేదు. కోపెన్‌హేగన్‌లో కోస్టర్, హెవెషీ ఎక్స్ కిరణాలతో దాన్ని పట్టుకున్నారు. సైజు ఒకటే, బరువు దాదాపు రెట్టింపు కాబట్టి సాంద్రతలో మాత్రం దొరికిపోతుంది: జిర్కోనియానికి ఘన సెంటీమీటరుకు 6.5 గ్రాములు, హాఫ్నియానికి 13.3.

ఇది పుస్తకంలో మిగిలిపోయే ముచ్చట కాదు. అణు రియాక్టర్లలో ఇంధన కడ్డీల తొడుగు జిర్కోనియం మిశ్రలోహంతో చేస్తారు, ఎందుకంటే అది న్యూట్రాన్లను దాదాపు మింగదు. హాఫ్నియం మాత్రం న్యూట్రాన్లను ఆబగా మింగుతుంది. కాబట్టి తొడుగుకు వాడే ముందు జిర్కోనియం నుంచి హాఫ్నియాన్ని తీసేయాలి. రెండూ కవలలు కావడం వల్ల ఆ వేరుచేయడం పరిశ్రమకు పెద్ద తలనొప్పి. ఆ తలనొప్పికి మూలం పద్నాలుగు ఎఫ్ ఎలక్ట్రాన్ల చేతకానితనం. మీ నాలుగో ప్రశ్నకు ఇది మొదటి జవాబు.

రెండో జవాబు మెండెలీవ్. 1869లో ఆయన పట్టిక వేసేటప్పటికి తెలిసిన మూలకాలు 63. ఎలక్ట్రాన్ ఇంకా ఎవరికీ తెలియదు. ధర్మాల వరస తప్పకుండా ఉండటానికి ఖాళీలు వదిలి, అల్యూమినియం కింద రావాల్సిన దానికి ధర్మాలు ముందే రాసిపెట్టాడు. 1875లో లెకాక్ ద బ్వాబోద్రాన్ గాలియం కనుక్కుని సాంద్రత 4.7 అని ప్రకటించాడు. మెండెలీవ్ దాన్ని చూసి, నీ నమూనా శుద్ధంగా లేదు, 5.9 చుట్టూ రావాలి అని చెప్పాడు. మళ్లీ శుద్ధి చేసి కొలిస్తే 5.9 వచ్చింది. ఆ లోహాన్ని చేతిలోనైనా పట్టుకోని మనిషి, పట్టుకున్న మనిషి కొలతను సరిదిద్దాడు.

ఆయనా ఒకచోట తప్పటడుగు వేశాడు. ధర్మాలను బట్టి టెల్లూరియం ముందు, అయోడిన్ తర్వాత రావాలి. బరువు చూస్తే టెల్లూరియం 127.6, అయోడిన్ 126.9. వరస తారుమారు. మెండెలీవ్ ధర్మాలనే నమ్మి టెల్లూరియాన్నే ముందు పెట్టాడు, అది సరైనదే. టెల్లూరియం బరువు ఎవరో తప్పు కొలిచారని కూడా అనుకున్నాడు, అది సరికాదు. కొలత బాగానే ఉంది. వరసను నిర్ణయించేది బరువు కాదని 1913లో హెన్రీ మోస్లే మూలకాల ఎక్స్ కిరణాల పౌనఃపున్యాలు కొలిచి తేల్చాడు. గడి గడికీ ఒకటి చొప్పున పెరుగుతున్నది కేంద్రకంలోని ఆవేశం. ఇందాక మనం స్లేటర్ లెక్కలో గడికొక ప్రోటాన్ అని ధైర్యంగా కలిపామంటే అది మోస్లే పుణ్యమే. ఆయన 1915లో, 27 ఏళ్లకే, గల్లిపోలి యుద్ధంలో చనిపోయాడు.

మూడో జవాబు నాకు అన్నిటికంటే ఇష్టం. 1962లో నీల్ బార్ట్‌లెట్ వాంకూవర్‌లోని విశ్వవిద్యాలయంలో ప్లాటినం హెక్సాఫ్లోరైడ్‌తో పనిచేస్తున్నాడు. ఎలక్ట్రాన్లను లాక్కోవడంలో అది ఎంత మొండిదంటే, ఆక్సిజన్ అణువు నుంచి కూడా ఒకటి లాగేసుకుంది. అప్పటికి జడవాయువులు దేనితోనూ చర్య జరపవని పాఠాలన్నీ చెబుతున్నాయి. బార్ట్‌లెట్ అయనీకరణ శక్తుల పట్టిక చూశాడు. ఆక్సిజన్ అణువుకు 1165. జినాన్‌కు 1170. తేడా 5. ఆక్సిజన్ లొంగినప్పుడు జినాన్ ఎందుకు లొంగదు?

ఒక పక్క ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఎర్రటి ఆవిరి, రెండో పక్క రంగులేని జినాన్, మధ్యలో సీల్. అది పగలగొట్టగానే రెండూ కలిసి పసుపు, నారింజ మధ్య రంగులో ఘనపదార్థం కట్టింది. దాని కచ్చితమైన కూర్పు మొదట అనుకున్నదానికంటే చిక్కుగా ఉందని తర్వాత తేలింది, కానీ జినాన్ చర్య జరిపిందన్నది నిజం. ‘జడ’ అన్న మాట ఆ గ్రూపుకు అతకదని తేలిపోయింది.

జినాన్‌లోనూ, దాని కింద ఉన్న రేడాన్‌లోనూ బయటి ఎలక్ట్రాన్ మీద కేంద్రకం పట్టు కొంత సడలినది, అయనీకరణ శక్తులు 1170, 1037. పైకి వెళ్తే క్రిప్టాన్ 1351, దాని ఫ్లోరైడ్ కూడా తయారైంది, కాకపోతే చాలా అస్థిరం. నియాన్ దగ్గర ఆ అంకె 2081. దానికి స్థిరమైన తటస్థ సమ్మేళనం ఒక్కటి కూడా ఇంతవరకు ఎవరూ చేయలేదు.